ముస్లిం యంత్రశిల్పులు, ఒక మరబొమ్మ

ఈద్ సెలవుల్లో చేవెళ్ళ మండలంలోని ముడిమ్యాలలో బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు పిల్లలు నారింజపండంత మరబొమ్మ ఒకదానితో ఆడుకుంటున్నారు. దానికి తాళంచెవి లేదు. ఒక బాలిక స్మార్ట్‌ఫోను మీద ఆజ్ఞలను వరుసగా పేర్చింది: ముందుకు పో, కుడికి తిరుగు, ఇదే నాలుగుసార్లు చెయ్యి. బ్లూటూత్ ద్వారా ఆజ్ఞలు అందగానే బొమ్మ చతురస్రాకారంగా తిరిగి మొదటి చోటికే వచ్చింది. "మామూ, ఇప్పుడు మారుస్తా చూడండి" అని ఒక ఆజ్ఞ మార్చింది. అదే బొమ్మ మరో దారి పట్టింది.

అక్కడే కూర్చున్న ఒక పెద్దాయన, "ఇందులో వింతేముంది? ఎనిమిది వందల ఏళ్ళ కిందటే మనవాళ్ళు చేశారు" అన్నారు. మన ఉపన్యాసాల్లో తరచు వినవచ్చే మాటే ఇది. ఇందులో నిజమెంతో చూడవలసి ఉన్నది.

ఆయన చెప్పినది అల్ జజరీని గురించి. దియార్ బక్ర్ ప్రాంతాన్ని పాలించిన ఆర్తుకీ ప్రభువుల కొలువులో ఉండి, క్రీ.శ. 1206లో ఆయన 50 యంత్రాల నిర్మాణాన్ని వివరిస్తూ గ్రంథం పూర్తి చేశాడు. డొనాల్డ్ హిల్ దానిని 1974లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. వుజూ వేళ సేవకులు తన చేతులపై నీళ్ళు పోయడం ప్రభువుకు ఇష్టం లేకపోగా, జజరీ నీళ్ళు పోసే సేవకుని బొమ్మనే నిర్మించాడు. అద్భుతమే. కాని ఆ బొమ్మకు తెలిసినది ఆ ఒక్క పనే. సాలార్‌జంగ్ మ్యూజియం గడియారంలో గంటగంటకూ బయటికి వచ్చి గంట కొట్టే బొమ్మను చూసినవారికి ఈ సంగతి సులభంగా బోధపడుతుంది.

అదే గ్రంథంలో నలుగురు వాద్యగాళ్ళ బొమ్మలున్న పడవ ఉన్నది. నీటి బలంతో తిరిగే ఇరుసు మీది మేకులు వారి చేతులను కదిలిస్తాయి. మేకులు మార్చితే తాళం మారుతుందని 2007లో నోయెల్ షార్కీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త నమూనా నిర్మించి చూపాడు. అది పునర్నిర్మాణం. దానిని జజరీ వాక్యంగా అనువదించే హక్కు మనకు లేదు.

బాలిక బొమ్మకు నిజమైన పూర్వరూపం కావాలంటే ఇంకా వెనక్కు, హిజ్రీ 3వ శతాబ్దపు బాగ్దాదుకు పోవాలి. బనూ మూసా సోదరులు ముగ్గురు—ముహమ్మద్, అహ్మద్, హసన్—తమంతట తామే మ్రోగే పిల్లనగ్రోవి గురించి ఒక రచన చేశారు. తిరిగే పీపాపై మేకులు బిగిస్తే అవి రంధ్రాలను మూసి తెరుస్తాయి. మేకుల అమరికే రాగం. యంత్రం వేరు, ఆజ్ఞ వేరు అనే ఊహ ఇక్కడ తొంగిచూస్తుంది. అయినా ఫోను మీద క్షణంలో జరిగే మార్పుకు అక్కడ మేకులన్నీ ఊడబెరికి మళ్ళీ బిగించాలి. విద్యుత్తు, జ్ఞాపకశక్తి గల చిప్పు తరువాతి వారి కృషి. ఆ ఘనతను కూడా మన ఖాతాలో వేసుకోవడం న్యాయం కాదు.

ఈ సోదరుల ప్రసిద్ధ గ్రంథం పేరు ‘కితాబుల్ హియల్’. అనువాదకునికి ఈ పేరే ఒక చిక్కు. మదరసాలో నేను ‘హియల్’ను మొదట సహీహ్ బుఖారీలో చదివాను, అక్కడ దానికి జకాత్ వంటి విధులను తప్పించుకొనే ఎత్తుగడలని అర్థం. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అదే మాట యంత్రాల పుస్తకం మీద కనబడింది. ‘యుక్తులు’ అని తెలుగు చేస్తే రెండర్థాలూ ఇమిడిపోతాయి.

పెద్దాయనకు ఇదంతా చెప్పాను. వుజూ బొమ్మ సంగతి చాలా నచ్చింది. పడవ ప్రభువుల మద్యగోష్ఠుల కోసం చేసినదని చెప్పగా మొగం చిట్లించారు. రెండూ ఒకే గ్రంథంలోవని మళ్ళీ చెప్పవలసి వచ్చింది.