లక్ష్మీదేవి పటం పక్కన లైసెన్సు

డర్బన్‌లో నేను ఎండుమిరపకాయలు కొనుక్కునే పాత కొట్లో లక్ష్మీదేవి పటం పక్కనే ఇంకో పటం ఉంటుంది. వాళ్ళ తాతగారి వ్యాపార లైసెన్సు అది. మన అమలాపురంలో అయితే మునిసిపాలిటీకి డబ్బు కట్టి, ఆ కాగితం సొరుగులో పడేస్తాం. దేవుడి సరసన దానికి చోటెందుకో 1897 నాటి చట్టం చదివాక తెలిసింది.

డర్బన్ ఉన్న నేటాల్ అప్పుడు ఇంగ్లీషువాళ్ళ వలస రాజ్యం, హ్యారీ ఎస్కోంబ్ దాని ప్రధాని. కొత్త చట్టం ప్రకారం లైసెన్సు ఇవ్వడం, మానడం అధికారి ఇష్టం. కాదంటే, ఆయన్ని నియమించిన టౌన్ కౌన్సిల్‌కే మొర పెట్టుకోవాలి. ఆ మంచిచెడ్డలు విచారించే అధికారం పైకోర్టుకు లేదు. అంబాజీపేటలో మీరు కొబ్బరి కొట్టు పెట్టుకోవాలంటే ఎదురు కొట్టు షావుకారు సరేననాలి అనుకోండి. ఆయన అల్లుడు అధికారి, ఆయన తోటి షావుకార్లే అప్పీలు వినేవాళ్ళు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ వాళ్ళ గుమ్మమే ఎక్కాలి. చట్టంలో భారతీయుడన్న మాట ఎక్కడా లేదు. దెబ్బ మాత్రం మనవాళ్ళకే.

నన్ను బాధించేది ఇంకొకటి. దానికి పదేళ్ళ ముందే, 1887లో, జడ్జి వాల్టర్ రాగ్ అధ్యక్షతన కమిషన్ భారతీయ వర్తకుల వల్ల దేశానికి మేలే జరిగిందని, వాళ్ళకు చేటు చేసే చట్టం తగదని పాలకులకు రాసిచ్చింది. ఎవరు విన్నారు? 1898లో సోమనాథ్ మహరాజ్ అనే వర్తకుడికి డర్బన్ కౌన్సిల్ కారణం చెప్పకుండా లైసెన్సు నిరాకరిస్తే, విచారించిన తీరును మాత్రమే చూడగల పైకోర్టులో జస్టిస్ మేసన్, ఆ తీరు కౌన్సిల్‌కే అప్రతిష్ఠ అని తప్పుపట్టారు. కౌన్సిల్ మళ్ళీ విచారించి, ఈసారి కారణం చెప్పి మరీ కాదంది. గాంధీగారు ఇదంతా లండన్‌లోని మంత్రి చేంబర్లేన్‌కు విన్నవించారు.

చెరుకు తోటల్లో కూలి గడువు తీరాక గంపలో కూరలు పెట్టుకుని వీధివీధీ తిరిగిన మన తెలుగువాళ్ళూ ఇక్కడ ఉన్నారు. వాళ్ళ మనవలు ఇక్కడి ఆంధ్ర మహాసభలో పాడుతుంటే నాకు మన కోనసీమలో కనుమనాటి జగ్గన్నతోట ప్రభలు కళ్ళకు కడతాయి. కనుమకు ఇంటికి రాలేని దిగులు అప్పుడే ఎక్కువ.

పాలకులు జడ్జిల మాట వినకపోవడం అక్కడితో ఆగలేదు. 1945లో మరో జడ్జి బ్రూమ్, భారత ప్రభుత్వాన్ని పిలిచి మాట్లాడండని దక్షిణాఫ్రికా ప్రధాని స్మట్స్ ప్రభుత్వానికి సలహా రాశారు. స్మట్స్ మాట్లాడలేదు, 1946లో భారతీయులు ఎక్కడ భూమి కొనాలో, ఎక్కడ ఉండాలో కట్టడి చేసే చట్టం తెచ్చారు. ఆ జూన్‌లోనే డర్బన్‌లో గేల్ స్ట్రీట్ మూలనున్న ఖాళీ స్థలంలో మనవాళ్ళు గుడారాలు వేసి చట్టాన్ని ధిక్కరించారు. ఆడవాళ్ళతో సహా సుమారు 2,000 మంది జైలుకు వెళ్ళారు.