యంత్రము, ఉపాధ్యాయుడు, సగటు విద్యార్థి

విద్యాచరిత్ర వ్రాయువారు సాధారణముగా గొప్ప పండితులను గూర్చియు, గొప్ప విద్యాలయములను గూర్చియు వ్రాయుదురు. తరగతిలో నడిమి వరుసలో కూర్చుండి, అడిగినదానికి సగము సమాధానము చెప్పి, పరీక్షలో ఎట్లో గట్టెక్కు సగటు విద్యార్థికి ఆ చరిత్రలో చోటు తక్కువ. కాని మన దేశమున ఇంగ్లీషు పాఠము ఫలించినదో లేదో తేల్చువాడు ఆ విద్యార్థియే. 45 నిమిషముల పాఠమునకు 45 మంది పిల్లలుండిన, నోరు విప్పుటకు ఒక్కొక్కరికి చిక్కునది ఒక్క నిమిషము. అదియును ఉపాధ్యాయుడు తాను మౌనము వహించిననే! పలుకనిదే భాష పట్టుబడదు. ఆ ఒక్క నిమిషమును పెంచుట యెట్లు? ఈ ప్రశ్నకు గత నూరేండ్లుగా విద్యావేత్తలు సమాధానము వెదకుచు వచ్చిరి. ఆ ప్రయత్నములను ఒకమారు పరికింతము.

సగటు బాలుని మొదట పట్టించుకొన్నవారిలో మైకేల్ వెస్ట్ ఒకరు. ఆయన అవిభక్త వంగదేశమున, ఢాకాలో విద్యాశాఖ యందు పనిచేసెను. అచటి ద్విభాషా సమస్యపై 1926లో ఆయన నివేదిక వెలువడెను. చాలమంది పిల్లలు చదువు ముగియకముందే బడి మానుచున్నారు. కావున ఏ తరగతిలో మానినను అంతవరకు నేర్చినది వారికి అక్కరకు రావలెనని ఆయన వాదము. బీమా కట్టుట నడుమ మానుకొన్నవానికి ఎంతో కొంత సొమ్ము చేతికి వచ్చునట్లు చదువును ఉండవలెనట! అందులకై ఆయన తరచుగా వాడు మాటలను ఏరి, మెట్లుమెట్లుగా వాచకములను కూర్చెను. మెట్లు చిన్నవయ్యెను గాని, తరగతిలోని వారందరును వానిని ఒకే వేగముతో ఎక్కవలసియే యుండెను.

ఈ వేగపు చిక్కు అమెరికాలో మరియొకరి కంటబడెను. హార్వర్డు విశ్వవిద్యాలయపు మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు బి. ఎఫ్. స్కిన్నర్ 1953లో తన కుమార్తె చదువు తరగతికి పోయి గణిత పాఠమును చూచెను. తాము చెప్పినది ఒప్పో తప్పో పిల్లలకు వెంటనే తెలియుట లేదు. చురుకైనవానికిని, నిదానించువానికిని ఒకే నడక విధింపబడుచున్నది. ఈ రెండు లోపములను తీర్చుటకై ఆయన 1954లో ఒక బోధనాయంత్రమును ప్రదర్శించెను. ఒహాయోలో సిడ్నీ ప్రెస్సీ 1920ల నాడే ఇట్టి యంత్రమును నిర్మించియుండెను. 1960లో ఇలినాయ్ విశ్వవిద్యాలయమున ‘ప్లేటో’ అను పేర కంప్యూటరు బోధన ఆరంభమయ్యెను. అమెరికాలో యంత్రములను తీర్చిదిద్దుచున్న ఆ కాలముననే, 1958లో, మన హైదరాబాదున కేంద్ర ఇంగ్లీషు సంస్థ వెలసి, ఇంగ్లీషు ఉపాధ్యాయులను తీర్చిదిద్దుటకు పూనుకొనెను. చిరకాలము ఈ రెండు మార్గములును వేరువేరుగానే సాగినవి.

ఆ రెంటిని కలిపిన ప్రయత్నములలో రేడియోకును పాలు గలదని చెప్పుట మాకు సంతోషము. 1980ల తొలి సంవత్సరములలో కెన్యా దేశమున ప్రాథమిక పాఠశాలల మొదటి మూడు తరగతులకు రేడియో ద్వారా ఇంగ్లీషు బోధించిరి. రేడియోలో ప్రశ్న వినబడును. పిదప కొన్ని క్షణములు నిశ్శబ్దము. ఆ వ్యవధిలో పిల్లలందరును బదులు పలుకుదురు. తరువాత సరియైన సమాధానము వినబడును. ఉపాధ్యాయుడు తరగతిలోనే యుండి పిల్లలను నడిపించును. అయినను మా సాధనమునకు గల లోపము మాకు తెలియనిది కాదు. రేడియో మాటాడును గాని వినజాలదు.

కంప్యూటరు కొంతవరకు వినగలదు. 2003లో ప్రకటితమైన ఒక పరిశోధనలో హైదరాబాదు పేదవాడకు చెందిన 16 మంది పిల్లలు, మాటను గుర్తించి అక్షరములుగా మార్చు సాఫ్ట్‌వేరు సాయముతో, ఉపాధ్యాయుని ప్రమేయము లేకయే ఇంగ్లీషు ఉచ్చారణను మెరుగుపరచుకొనిరి. అట్లయిన ఉపాధ్యాయుడు అక్కరలేదా? దీనికి సమాధానము మహారాష్ట్రమున లభించెను. అచట ‘ప్రథమ్’ అను స్వచ్ఛంద సంస్థ కొన్ని పాఠశాలలలో ఇంగ్లీషు నేర్పుటకు ఒక చిన్న యంత్రమును ప్రవేశపెట్టెను. బొమ్మను తాకిన దాని పేరు ఇంగ్లీషులో వినబడును. కొన్నిచోట్ల యంత్రమును, కొన్నిచోట్ల ఉపాధ్యాయుడు నడుపు ఆటపాఠములను, మరికొన్నిచోట్ల రెంటిని వాడి చూచిరి. ఫలితములు 2008లో వెలువడెను. సగటున చూచిన యంత్రమునకును, ఉపాధ్యాయునికిని భేదము లేదు. కాని పిల్లలను విడదీసి చూడగా, చురుకైనవారికి యంత్రమొక్కటియే ఎక్కువ లాభించెను. వెనుకబడినవారికి ఉపాధ్యాయుడు పాల్గొన్న పద్ధతులే ఎక్కువ మేలు చేసెను.

ఈ భేదము మరువరానిది. ఉపాధ్యాయులు చాలరను నెపమున యంత్రములను మాత్రమే కొని గదిలో నుంచిన, ఎవరికొఱకు వానిని కొంటిమో ఆ పిల్లలే వెనుకబడుదురు. ఢిల్లీలో జరిగిన మరియొక ప్రయోగమున పిల్లలు బడి విడిచిన పిదప 45 నిమిషములు కంప్యూటరు ముందును, 45 నిమిషములు చిన్న బృందముగా బోధకుని యొద్దను గడపిరి. ఫలితములను కొలిచినది గణితము, హిందీలలో. కంప్యూటరు ఎవరి స్థాయికి తగిన ప్రశ్నలు వారికిచ్చెను. 2019లో ప్రకటితమైన ఫలితముల ప్రకారము ముందున్నవారును, వెనుకనున్నవారును సమానముగా లాభపడిరి.

ఇప్పుడు మన 45 మంది పిల్లల లెక్కను మరల వేయుదము. పాఠకాలములో సగము తరగతి యంత్రముల ముందు, సగము ఉపాధ్యాయుని యొద్ద కూర్చుండి, నడుమ స్థానములు మార్చుకొందురనుకొందము. ఉపాధ్యాయునితో ఒక్కొక్కరికి చిక్కునది అప్పుడును ఒక్క నిమిషమే. కాని యంత్రము ముందు ప్రతివాడును ఇరువది నిమిషములకు పైగా పలికి, తప్పి, దిద్దుకొని యుండును. పదిమంది నవ్వుదురను భయమచట లేదు. అట్లు సాధన చేసి వచ్చినవానికి ఉపాధ్యాయుడు ఆ నిమిషమున పదము పలుకుట నేర్పనక్కరలేదు, వానితో సంభాషింపవచ్చును. మౌనముగా నున్న పిల్లవాడు తెలియక ఊరకున్నాడో, సిగ్గుపడి ఊరకున్నాడో గ్రహింపవచ్చును. మన బడికి కంప్యూటర్లు వచ్చినవని విన్న తలిదండ్రులు, అవి ఎన్ని వచ్చినవని అడుగుటతో ఆగక, పిల్లలు వాని ముందున్న వేళ ఉపాధ్యాయుడు ఏమి చేయుచున్నాడని కూడ అడుగవలెను.