ఒక రోడ్డు, రెండు కొసలు

బందరు అని పిలుచుకునే మచిలీపట్నంలో మొదలై బెజవాడ (విజయవాడ), హైదరాబాద్‌ల మీదుగా పుణె దాకా పోయే జాతీయ రహదారికి ఇప్పుడు 65వ నంబరు. 2010కి ముందు అది తొమ్మిదో నంబరు. ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్టలో ఆ రోడ్డును పట్టుకుని పెరిగిన ఊళ్లు నందిగామ, జగ్గయ్యపేట. నందిగామ నుంచి బెజవాడ సుమారు 50 కిలోమీటర్లు, అక్కణ్నుంచి బందరు మరో 70. జగ్గయ్యపేట ఇంకో 30 కిలోమీటర్లు ఎగువన ఉంటుంది. తూర్పు కొసన సముద్రం. పడమరగా దాదాపు 200 కిలోమీటర్లు పోతే హైదరాబాద్. ఇంటిల్లిపాదీ కలిసి సముద్రానికి వెళ్లిరావడమనే ముచ్చట ఈ ఊళ్లకు తూర్పు నుంచి అబ్బింది. ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని దానితో పడే తంటాలు పడమటి నుంచి వచ్చాయి. రెండూ ఒకే దారిన వచ్చాయి గనుక ఒకదాని కథలోకి మరొకటి చొరబడింది.

దారి చాలా పాతది. జగ్గయ్యపేట పక్కన ధనంబోడు దిబ్బ మీది బౌద్ధ స్తూపాన్ని 1882 ప్రాంతంలో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. అక్కడ ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలపు శాసనాలు దొరికాయి. అది క్రీస్తుశకం 3వ శతాబ్దం. అంతకు ముందటి శతాబ్దంలోనే గ్రీకు భూగోళవేత్త టాలెమీ ఈ తీరాన్ని మైసోలియా అని రాశాడు. తీరానికి దగ్గరి ఘంటసాల శాసనంలో ఒక మహానావికుడి ప్రస్తావన ఉంది. మెట్ట మీద స్తూపం కట్టినవాళ్లకూ తీరాన ఓడలు నడిపినవాళ్లకూ రాకపోకలు ఉండే ఉంటాయి. పిల్లల్ని వెంటబెట్టుకుని అలలు చూసొచ్చినవాళ్ల మాట మాత్రం ఏ రాతి మీదా లేదు.

ఆ తర్వాత వెయ్యేళ్లు దాటి గోల్కొండ కాలానికి రావాలి. ఇంగ్లీషువాళ్లు 1611లో బందరులో వర్తక స్థావరం పెట్టారు, డచ్చివాళ్లు అంతకుముందే వచ్చారు. కలంకారీ బట్ట, పరిటాల, కొల్లూరు గనుల వజ్రాలు గోల్కొండకూ బందరుకూ మధ్య నడిచాయి. 1639లో సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షా పరివారంతో బందరు వెళ్లిన సంగతి ‘హదీఖతుస్సలాతీన్’ అనే పారశీక చరిత్రలో ఉంది. మెట్ట మీదుగా సముద్రందాకా సాగిన సకుటుంబ, సపరివార యాత్రల్లో చరిత్రకెక్కిన పెద్ద యాత్ర అదే అనవచ్చు. తర్వాతి సుల్తాన్ తానీషా బందరు వైపు వెళ్తూ కూచిపూడిలో ఆట చూసి, ఆ ఊరిని ఆడినవాళ్లకే రాసిచ్చాడని కూచిపూడి భాగవతులు ఈనాటికీ చెప్పుకుంటారు.

18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు బేతవోలును పేటగా పెంచి తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు. 1864 నవంబరు 1 రాత్రి తుపాను ఉప్పెన బందరును ముంచేసింది. దాదాపు 30 వేల మంది పోయారు. సముద్రమంటే మెట్టవాళ్లకు భక్తితో పాటు భయం కూడా ఉండటానికి ఆ ఒక్క రాత్రి చాలు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక బందరు కాలువలో పడవలు నడిచాయి. నిజాం రైలు 1889లో బెజవాడ చేరింది, 1908లో బెజవాడ-బందరు రైలు వచ్చింది. నిజాం రైలుమార్గం మధిర, కొండపల్లి మీదుగా పోయింది గానీ నందిగామనూ జగ్గయ్యపేటనూ తాకలేదు. ఈ ఊళ్లవాళ్లకు బెజవాడ దాకా రోడ్డే దిక్కు. ఆ రోడ్డు మీదే ఉన్న పరిటాల అప్పట్లో నిజాం ఏలుబడిలోని లంకలాంటి భూభాగం. జగ్గయ్యపేట నుంచి బందరు వెళ్లే ఎడ్లబండి ఇంగ్లీషువాళ్ల నేల నుంచి నిజాం నేలలోకి దిగి, మళ్లీ ఇంగ్లీషువాళ్ల నేల ఎక్కేది.

1859లో కృష్ణా జిల్లా ఏర్పడినప్పుడు కేంద్రం మచిలీపట్నం అయింది. మెట్ట కుటుంబాలు సముద్రం చూడటానికి పుణ్యస్నానాల తర్వాత అతి పెద్ద కారణం ఇదే. కలెక్టరేటు బందరులో, జిల్లా కోర్టు బందరులో, జిల్లా పరిషత్తు బందరులో. జగ్గయ్యపేట రైతుకు భూమి తగాదా ఉన్నా, నందిగామ పంతులుగారికి బదిలీ కావాలన్నా జిల్లా ఆ చివర నుంచి ఈ చివరకు ప్రయాణం తప్పేది కాదు. అంత దూరం ఎలాగూ వెళ్తున్నప్పుడు ఇంట్లోవాళ్లనూ తీసుకెళ్లడం రివాజైంది. ‘కాగితం పని’ అని మొదలైన ప్రయాణం ‘సముద్రం’ అనే మాటతో ముగిసేది. పిల్లలకు కలెక్టరేటు గుర్తుండేది కాదు, బందరు దగ్గరి మంగినపూడి తీరం గుర్తుండేది.

సముద్రాన్ని ఎప్పుడంటే అప్పుడు ముట్టుకోకూడదని పెద్దల మాట. పర్వదినాల్లోనే స్నానం చేయాలి. అందుకే మాఘ పౌర్ణమికీ కార్తీక పౌర్ణమికీ మంగినపూడి, హంసలదీవి జనంతో కిటకిటలాడతాయి. హంసలదీవి కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోటు, వేణుగోపాలస్వామి ఉన్నచోటు. కృష్ణలో కలిసే మునేరులో మునిగి పెరిగిన నందిగామవాళ్లకు ఆ నీళ్లు చివరికి ఎక్కడికి చేరతాయో చూడటం కూడా ఒక యాత్రే.

1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడ్డాక ఈ ప్రయాణానికి ఒక రూపం వచ్చింది. తెల్లవారుజామున జగ్గయ్యపేటలో బస్సు, బెజవాడలో మార్పు, బందరు బస్సులో కిటికీ పక్క సీటు కోసం తువ్వాలు వేయడం. కంకిపాడు దాటాక ఎటు చూసినా వరి. మిరప, పత్తి చేలు చూసిన కళ్లకు అదే ఒక వింత. ఉయ్యూరు దగ్గర చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన బస్సులోకి వచ్చేది. పామర్రు, గూడూరు, ఆ తర్వాత బందరు కోనేరు సెంటర్. అక్కణ్నుంచి మంగినపూడికి మరో 11 కిలోమీటర్లు. సరుగుడు తోపులోంచి నడుస్తుంటే సముద్రం కనబడకముందే హోరు వినిపించేది. మెట్టలో అంత ఎడతెగని చప్పుడు మరొకటి లేదు. కొత్తగా వచ్చిన పిల్లలు అది గాలేమో, లారీలేమో అనుకునేవాళ్లు.

మంగినపూడి ఒడ్డు ఇసుక తిన్నె కాదు, నల్లమట్టి. కాలు వేస్తే జిగురుగా పట్టుకుంటుంది. అల వెనక్కి పోతున్నప్పుడు పాదాల కింది మట్టి జారిపోతుంటే కెవ్వుమనని మెట్ట పిల్ల ఉండదు. పెద్దవాళ్లు ముందు పసుపు, కుంకుమ నీళ్లలో విడిచి, ఒక పైసా బిళ్ల వేసి, తలమీద మూడు దోసిళ్లు చల్లుకున్నాకే పిల్లల్ని దిగనిచ్చేవాళ్లు. ముసలమ్మలు ఒకళ్ల చేయి ఒకళ్లు పట్టుకుని వరసగా కూర్చుంటే అల వచ్చి అందరినీ ఒకేసారి తడిపేది. నీళ్లు ఉప్పగా ఉంటాయని వినడం వేరు, నాలుకకు తగలడం వేరు. తర్వాత పక్కనే దత్తాశ్రమంలో శివుడి దర్శనం, అక్కడి బావుల నీళ్లతో స్నానం, తోపు నీడలో విస్తర్లు, పులిహోర, దద్దోజనం, నంజుకోవడానికి ఆవకాయ. తిరుగు ప్రయాణంలో బందరు లడ్డూ పొట్లం, జేబుల్లో గవ్వలు, సీసాలో సముద్రపు నీళ్లు. ఆ సీసా దేవుడి గూట్లో ఏడాదంతా ఉండేది. అడుగున తెల్లగా ఉప్పు పేరుకునేది.

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తర్వాత కొంతకాలం ఈ యాత్రలు తగ్గాయి. 2004 డిసెంబరు 26 ఆదివారం, పైగా పౌర్ణమి. ఆ ఉదయం సునామీ ఈ తీరంలోనూ ప్రాణాలు తీసింది. అలలు అవే అయినా, తర్వాత కొన్నేళ్లు తల్లులు పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వలేదు.

అప్పటికే రోడ్డు రెండో కొస నుంచి కంప్యూటర్ బయల్దేరింది. 1998 నవంబరులో హైదరాబాద్ సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అమీర్‌పేట శిక్షణ కేంద్రాలకు మెట్ట పిల్లలు బస్సెక్కారు. సికింద్రాబాద్‌లో సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని బిగించిన కంప్యూటర్లు రాత్రి బస్సుల్లో, ఒళ్లో పెట్టుకున్న అట్టపెట్టెల్లో ఊళ్లకు చేరాయి. ఇంట్లో దానికి ముందుగదిలో చోటు, పైన కుట్టు అంచుల గుడ్డ. దసరాకు బొట్టు పెట్టి హారతి ఇచ్చేవాళ్లు. చెప్పులు విప్పి ముట్టుకోవాలన్న నియమం చాలా ఇళ్లలో ఉండేది.

తంటాలూ అప్పుడే మొదలు. కరెంటు పోతే యూపీఎస్ కీచుమంటూ పది నిమిషాలు గడువిచ్చేది, ఈలోపు టైపు చేసింది భద్రం చేసుకోవాలి. తెర వెలగకపోతే ర్యామ్ పలక ఊడదీసి, దాని పసుపు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ బిగించేవాళ్లు. చాలాసార్లు అదే వైద్యం సరిపోయేది. డయలప్ ఇంటర్నెట్ తిరుగుతున్నంతసేపూ ఇంటి ఫోను పనిచేసేది కాదు. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలై, ఊరూరికీ అందుతూ పోయాకే ఆ చిక్కు తీరింది.

అన్నిటికన్నా పెద్ద తంటా తెలుగు. డీటీపీ దుకాణాల ఫాంట్లలో తెలుగు అక్షరం నిజానికి ఒక ఇంగ్లీషు అక్షరం స్థానంలో దాక్కుని ఉండేది. పెళ్లిపత్రిక ఫైలును అదే ఫాంటు లేని ఇంటి కంప్యూటర్లో తెరిస్తే వధూవరుల పేర్ల స్థానంలో అర్థంలేని రోమన్ గుర్తులు వరసకట్టేవి. యూనికోడ్ 1991 నుంచే తెలుగుకు 128 స్థానాల గది కేటాయించింది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు కూడా వచ్చింది. కానీ ఆ ఎక్స్‌పీలో మన గుణింతాలు, ఒత్తులు సరిగ్గా కుదరాలంటే సెట్టింగుల్లో ఒక గడి టిక్కు పెట్టాలి, అప్పుడది విండోస్ సీడీ అడుగుతుంది. సీడీ కంప్యూటర్ బిగించినతని దగ్గర ఉంటుంది. అతను బెజవాడలో ఉంటాడు. ఆ ఒక్క సీడీ కోసం నందిగామలో తెలుగు నెలల తరబడి డబ్బాలు డబ్బాలుగానే కనిపించిన ఇళ్లున్నాయి.

సముద్రమూ కంప్యూటరూ కలిసింది ఫొటోల దగ్గర. డిజిటల్ కెమెరా వచ్చాక మంగినపూడి ఫొటోలన్నీ తెరమీద ‘డెస్క్‌టాప్’ మీద పడేవి, అందరికీ కనబడాలని. కంప్యూటర్ నెమ్మదించిందంటే మెకానిక్ వచ్చి సీ డ్రైవ్ ఫార్మాట్ చేసేవాడు. డెస్క్‌టాప్ ఉండేది సీ డ్రైవ్‌లోనే. డీ డ్రైవ్‌లోని సినిమాలు భద్రంగా మిగిలేవి, అమ్మమ్మ అలల్లో కూర్చున్న ఫొటో పోయేది. ఆవిడ పోయాక ఆ ఫొటో కోసం వెతికిన ఇళ్లకు ఇది చిన్న నష్టం కాదు.

ఇక్కణ్నుంచి బందరు ప్రయాణాల వరస తప్పుతుంది. 2011 నవంబరులో మీ సేవ వచ్చింది. సర్టిఫికెట్లు ఊళ్లోనే కంప్యూటర్ నుంచి బయటికి రావడం మొదలైంది. 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలు వచ్చాయి. సర్వర్ డౌన్ అన్న మాట కొత్తగా ఇంటింటి మాటైంది గానీ, కాగితం కోసం బందరు బస్సెక్కే అవసరం ఏటికేడు సన్నగిల్లింది. దాంతో పాటే ఆ పని వెంట వచ్చే సముద్రమూ తగ్గింది. ఇప్పుడు వెళ్తే కార్లలో వెళ్తున్నారు, బాపట్ల దగ్గరి సూర్యలంకకూ వెళ్తున్నారు, సాయంత్రానికి తిరిగొస్తున్నారు.

కంప్యూటర్ గుడ్డ కింద ఉండిపోయి ఫోను చేతికొచ్చింది. తెలుగు తంటా తీరిందనుకున్న వేళ, 2018 ఫిబ్రవరిలో, ఒక తెలుగు అక్షరం వచ్చిన సందేశం తెరిస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. ఆ అక్షరం జ్ఞా. జ, దాని కింద ఞ ఒత్తు, మధ్యలో కంటికి కనబడని ఒక విభజన గుర్తు, ఆపైన దీర్ఘం వరసగా వస్తే ఐఓఎస్ తట్టుకోలేకపోయింది. ఆ గుర్తు లేని మామూలు జ్ఞాతో ఏ ఇబ్బందీ లేదు. ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. వాడుకలో అది జ్ఞాపకం, జ్ఞానం అనే మాటల్లోని మొదటి అక్షరం.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. నందిగామ, జగ్గయ్యపేట విజయవాడ కేంద్రంగా ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి. మచిలీపట్నం, మంగినపూడి, హంసలదీవి కృష్ణా జిల్లాలోనే ఉన్నాయి. ఎన్టీఆర్ జిల్లాకు తీరం లేదు. మాఘ పౌర్ణమికి మెట్ట నుంచి బయల్దేరే కుటుంబాలు ఇప్పుడు పక్క జిల్లా సముద్రానికి వెళ్తున్నాయి, అదే రోడ్డు మీద.