ధర్మ గ్రంథాలయం నుంచి గ్రంథాలయ పన్ను దాకా

మిత్రులారా, పోయిన భాగంలో రాత్రి బడుల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి ఇంటి పన్ను రసీదు దగ్గర మొదలుపెడదాం. ఇంట్లో ఉంటే తీసి చూడండి. ఇంటి పన్ను, నీటి పన్ను లాంటి వాటి పక్కన ‘గ్రంథాలయ పన్ను’ అనో ‘లైబ్రరీ సెస్’ అనో ఒక గడి కనబడుతుంది. అందులో ఉండేది చిన్న అంకె. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. వాడల్లో, కాలనీల్లో ఉండే మనం ‘పుస్తకం మా హక్కు’ అని అడగాలంటే మన చేతిలో ఉన్న గట్టి ఆధారాల్లో ఆ అంకె ఒకటి. అది ఆ రసీదులోకి ఎలా వచ్చిందో ఈ భాగంలో చూద్దాం.

ముందు గ్రంథాలయోద్యమం సంగతి. తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకునే చరిత్ర అది. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిశాయి. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. దాని వెనక ఉన్న అయ్యంకి వెంకటరమణయ్య ఆ తర్వాత తన జీవితమంతా గ్రంథాలయాలకే ఇచ్చారు. 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. ఇవన్నీ నిజాలు. వీటిని తక్కువ చేసి మాట్లాడాల్సిన పని మనకు లేదు.

అయితే తెలుగు పాఠాలు చెప్పుకునే వాణ్ని కాబట్టి నాకు మాటల మీద చూపు పోతుంది. అప్పట్లో రుసుము లేని గ్రంథాలయాన్ని ‘ధర్మ గ్రంథాలయం’ అనేవాళ్లు. ధర్మసత్రం, ధర్మాసుపత్రి లాగే ఇదీ. పెట్టేవాడు ధర్మం చేస్తాడు, వచ్చేవాడు పుచ్చుకుంటాడు. జమీందార్లు, వకీళ్లు, వర్తకులు, పెద్ద రైతులు స్థలం ఇచ్చారు, డబ్బు ఇచ్చారు, పుస్తకాలు ఇచ్చారు. పాత గ్రంథాలయాల గోడల మీద దాతల పేర్లు చెక్కిన రాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇచ్చినవాడి ఇల్లు ఊళ్లో ఉంటుంది, కాబట్టి పుస్తకాల గది కూడా ఊళ్లోనే ఉంటుంది. ఊరి బావి, ఊరి గుడి, ఊరి రచ్చబండ ఉన్న చోట ఉంటుంది. ‘మాల మాదిగలు లోపలికి రారాదు’ అని ఎక్కడా బోర్డు పెట్టాల్సిన అవసరం లేదు. ఊళ్లోకి వచ్చే దారిలోనే ఆ బోర్డు ఉంది.

అదే బెజవాడలో మూడేళ్ల తర్వాత ఇంకో సభ జరిగింది. 1917 నవంబరులో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన ఆ సభలోనే ‘పంచములు’ అన్న పేరు వదిలి ‘ఆది ఆంధ్రులం’ అని చెప్పుకున్నారు. సభ జరిగిన రోజుల్లో కనకదుర్గ గుడి తలుపులు మూసి ఉంచారని చరిత్రకారులు రాశారు. ఆ సభ ఏమడిగింది? వాడల్లో బడులు, బావులు అడిగింది. స్థానిక సంస్థల్లో, శాసనసభలో మనవాళ్లుండాలని అడిగింది. ఒకే పట్నం, మూడేళ్ల తేడా. ఒక సభ గ్రంథాలయాలను ఊరూరా ఎలా పెంచాలా అని ఆలోచిస్తుంటే, ఇంకో సభ తాగడానికి నీళ్లు, చదవడానికి బడి అడుగుతోంది. తెలుగు గ్రంథాలయ చరిత్ర రాసేవాళ్లు ఈ రెండు సభల్నీ ఒకే పేజీలో పెట్టి చూడాలి.

దాత దయ మీద నడిచే పుస్తకం ఎంత దూరం పోతుందో అంబేద్కర్ బాల్యంలో కనిపిస్తుంది. బొంబాయిలో బడి అయ్యాక చర్నీ రోడ్డు తోటలో కూర్చుని చదువుకుంటుంటే కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు ఆయన్ని చూశాడు. పుస్తకాలు ఇచ్చాడు. మెట్రిక్యులేషన్ గట్టెక్కినప్పుడు తాను రాసిన బుద్ధుడి జీవితం బహూకరించాడు. బరోడా మహారాజు సాయం దొరకడంలోనూ ఆయన చేయి ఉంది. కేలూస్కర్ మంచివాడు. కానీ ఆ తోటకు రోజూ ఒక కేలూస్కర్ వస్తాడని ఏ పిల్లవాడూ నమ్ముకుని కూర్చోలేడు కదా.

ఈ దయకు బదులు హక్కు ఎక్కడి నుంచి వచ్చింది? ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, లెక్కల పుస్తకం నుంచి వచ్చింది. 1923 ఆగస్టులో బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే ఒక తీర్మానం తెచ్చారు. ప్రజాధనంతో కట్టిన, ప్రజాధనంతో నడిచే చెరువులు, బావులు, సత్రాలు, బడులు, ఆసుపత్రులు అంటరానివారు కూడా వాడుకోవచ్చన్నది దాని సారం. 1924లో మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ తీర్మానం తెచ్చారు. రోడ్లు, బావులు, ప్రభుత్వ కార్యాలయాలు అందరివీ అన్నారు. 1927 మార్చి 20న అంబేద్కర్ మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగింది ఈ వరుసలోనే. సవర్ణులు కోర్టుకెళ్లి ఆ చెరువు ప్రైవేటు ఆస్తి అని వాదించారు. వాదన దాని మీదే ఎందుకు నడిచిందో గమనించండి. ప్రైవేటుదైతే తలుపు మూసుకోవచ్చు, మునిసిపాలిటీదైతే మూయడానికి వీల్లేదు. పదేళ్ల తర్వాత, 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు అంబేద్కర్ పక్షానే తీర్పు ఇచ్చింది.

ఈ పోరాటాల సారాన్నే రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో క్లాజులో చూస్తాం. బావులు, చెరువులు, స్నాన ఘట్టాలు, రోడ్లు, ప్రజలు కూడే చోట్లు పూర్తిగా గానీ కొంత గానీ ప్రభుత్వ నిధులతో నడుస్తుంటే, లేదా ప్రజల వాడకానికి అంకితం చేసినవైతే, కులం పేరు చెప్పి ఎవరినీ ఆపకూడదు. ఆ ‘ప్రభుత్వ నిధులు’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. గ్రంథాలయానికి పన్ను డబ్బు చేరిందంటే దాని జాతకం మారిపోయినట్టే. దాతల పేర్లున్న గోడ వెనకాల మన పేరు లేని మన డబ్బు కూడా ఉంటుంది.

ఆ పన్ను 1948లో వచ్చింది. గ్రంథాలయాలకు చట్టం కావాలని ఉద్యమకారులు చాలా ఏళ్లు అడిగారు. ఎస్.ఆర్. రంగనాథన్ చట్టం ఎలా ఉండాలో ముసాయిదాలు రాశారు. చివరికి మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో ఇలాంటి చట్టం అదే మొదటిది. ఇంటి పన్ను, ఆస్తి పన్ను మీద గ్రంథాలయ పన్ను వసూలు చేయాలని అందులో ఉంది. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. హైదరాబాద్ రాష్ట్రానికి 1955లో ఇంకో చట్టం వచ్చింది. 1960లో రెంటినీ కలిపి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం చేశారు. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ దాని కిందే ఏర్పడింది. ఇప్పుడు పన్ను రూపాయికి ఎనిమిది పైసలు. వెయ్యి రూపాయల ఇంటి పన్ను కట్టే ఇంటి నుంచి 80 రూపాయలు పుస్తకాల పేరు మీద పోతున్నాయి. 1967 నాటి మహారాష్ట్ర చట్టంలో, 1979 నాటి పశ్చిమ బెంగాల్ చట్టంలో ఇలాంటి పన్ను లేదు. అక్కడ గ్రంథాలయం ఏటా బడ్జెట్ వైపు చూడాలి. మనకు చట్టం ఒక సొంత ఆదాయమే ఇచ్చింది.

మరి ఆ ఆదాయం ఎటు పోతోంది? పన్ను వసూలు చేసేది పంచాయతీ, మునిసిపాలిటీ. వాళ్లు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చిక్కంతా ఈ రెండో మెట్టు మీదే. వసూలైన డబ్బు వేరే ఖర్చులకు పోతోందనీ, బకాయిలు పేరుకుంటున్నాయనీ రెండు రాష్ట్రాల్లోనూ ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం. ఇది జీతాలు, రోడ్లు, కాలువల ఖర్చుకు తాత్కాలికంగా సర్దుబాటు చేసుకునే డబ్బు కాదు. పుస్తకాల కోసం అని చెప్పి జనం దగ్గర తీసుకున్న డబ్బు. అది చేరకపోతే గ్రంథాలయం మళ్లీ 1914 నాటి స్థితికి జారిపోతుంది. ఎవరో ఒక పెద్దమనిషి ఫ్యాన్ ఇవ్వాలి, ఒక రియల్ ఎస్టేట్ ఆయన కుర్చీలు ఇవ్వాలి, ఒక ఎమ్మెల్యే పుట్టినరోజుకు పోటీ పరీక్షల పుస్తకాలు పంచాలి. ఫ్యాను రెక్కల మీద మళ్లీ దాత పేరు.

మా కాలేజీ ఉన్న పట్నంలో ఒక శాఖా గ్రంథాలయం ఉంది. నా విద్యార్థులు చాలామంది సాయంత్రాలు అక్కడే ఉంటారు. కుర్చీలు చాలక కొందరు కింద చాప వేసుకుంటారు. ఆడపిల్లలు చీకటి పడకముందే వెళ్లిపోతారు, ఎందుకంటే అక్కడి మరుగుదొడ్డికి తాళం. ‘చిక్కనవుతున్న పాట’ వచ్చి ముప్పై ఏళ్లు, ‘నల్లపొద్దు’ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఆ బీరువాల్లో రెండూ లేవు. ‘సార్, ఎంఏలో మీరు చెప్పే పుస్తకం ఒక్కటీ అక్కడ దొరకదు’ అని ఒకమ్మాయి అంది. ఆ అమ్మాయి వాళ్ల నాన్న ఆ పట్నంలోనే కాలనీ ఇంటికి పన్ను కడుతున్నాడు.

‘ఫోన్ ఉండగా గ్రంథాలయం ఎందుకన్నా?’ అని కొందరు మిత్రులు అడుగుతారు. ఒకే గది ఇంట్లో ఐదుగురు ఉన్నచోట ఫోన్ ఉంటుంది గానీ బల్ల ఉండదు, నిశ్శబ్దం ఉండదు. హైదరాబాద్ చిక్కడపల్లి గ్రంథాలయం దగ్గరికి వెళ్లి చూడండి. జిల్లాల నుంచి వచ్చిన నిరుద్యోగులు పొద్దున్నే చోటు పట్టుకుంటారు. వాళ్లలో మనవాళ్లు ఎందరో. చదువుకునే గది ఇంట్లో ఉన్నవాడు అక్కడికి రానక్కర్లేదు. ‘ప్రభుత్వం దగ్గర డబ్బెక్కడిది?’ అనేవాళ్లకు ఒకటే జవాబు: ఇది కొత్తగా అడుగుతున్న డబ్బు కాదు, ఇప్పటికే మన జేబులోంచి తీసుకున్నది. ‘అది అగ్రకులాల ఉద్యమం, మనకెందుకు?’ అనేవాళ్లూ ఉన్నారు. మహాడ్ చెరువును తవ్వించింది ఎవరని అంబేద్కర్ అడగలేదు. అది ఎవరి డబ్బుతో నడుస్తోందని అడిగారు.

కాబట్టి మనమూ అదే అడుగుదాం. సమాచార హక్కు చట్టం కింద మునిసిపల్ కమిషనర్‌కు లేదా పంచాయతీ కార్యదర్శికి ఒక దరఖాస్తు పెట్టండి. గత ఐదేళ్లలో ఏటా గ్రంథాలయ పన్ను ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు, ఏ తేదీన చేశారు, బకాయి ఎంత? ఇవి చాలు. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, పైన పది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు ఏమీ కట్టనక్కర్లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. రెండో దరఖాస్తు జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి పెట్టండి. వచ్చిన డబ్బులో పుస్తకాలకు ఎంత, ఏ పుస్తకాలు కొన్నారు, ఏ శాఖకు పంపారు, ఎన్ని పోస్టులు ఖాళీ? రెండు జవాబుల్లో అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ ఆగిందో తెలిసిపోతుంది. అప్పుడు అడగాల్సిన వాటి పట్టిక కూడా తయారుగా పెట్టుకోండి: రాత్రి తొమ్మిది దాకా తలుపులు, ఆడపిల్లలకు తెరిచి ఉండే మరుగుదొడ్డి, వాడలో ఒక పుస్తక కేంద్రం, దళిత బహుజన సాహిత్యానికి ఒక బీరువా.

జవాబులు వచ్చినవాళ్లు కామెంట్లలో పెట్టండి, పేరు చెప్పడం ఇష్టం లేకపోతే నాకు పంపండి. ఊళ్ల వారీగా ఒక లెక్క తయారు చేద్దాం. వచ్చే భాగంలో భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్‌లో నడిపిన బడుల గురించి.

జై భీమ్.