అర్జీ బల్ల నుంచి వెబ్‌సైటు దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు పాత రోజుల గురించి ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. పాత రోజులంటే గోదావరి వరదలు, బదిలీలు, జమాబందీ ముచ్చట్లు ఎలాగూ మిత్రులు వ్రాస్తారు. నేను ప్రభుత్వ కార్యాలయం గుమ్మం గురించి వ్రాయదలచాను. ఆ గుమ్మం దాటి తన పని తాను చేసుకోగలిగినవారెవరు, బయటే ఆగిపోయినవారెవరు అన్నది 36 సంవత్సరాల సర్వీసులో లోపలి నుంచి చూశాను. 2004లో రిటైరయ్యాక బయటి నుంచి చూస్తున్నాను.

1968లో పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరాను. కచేరీ ముందు చెట్టు నీడన అర్జీలు వ్రాసిపెట్టేవారు బల్లలు వేసుకుని కూర్చునేవారు. అధికార భాషా చట్టం 1966లోనే వచ్చినా, కచేరీలో ఇంగ్లీషు ఫారాలు చాలాకాలం పోలేదు. చదువు రాని రైతు తన కష్టం బల్ల దగ్గర చెప్పుకొనేవాడు. ఆయన తనకు తోచినట్లు వ్రాసేవాడు, రైతు వేలిముద్ర వేసేవాడు. ఒకసారి లంక గ్రామం నుంచి వచ్చిన ఒక ముసలమ్మ తన అర్జీ నా చేతికిచ్చి, "ఇందులో నేనేమి అడిగానో కాస్త చదివి చెప్పు బాబూ" అంది. అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నవ్వు రాదు.

తరువాతి చరిత్ర మీకు తెలిసినదే. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, కచేరీ ఊరికి దగ్గరయింది. 1998లో రిజిస్ట్రేషన్ శాఖలో 'కార్డ్' పేరిట కంప్యూటర్లు వచ్చాయి. 2002లో మన పశ్చిమ గోదావరిలో, శ్రీ సంజయ్ జాజు గారు కలెక్టరుగా ఉండగా, గ్రామీణ ఈ-సేవ కేంద్రాలు తెరిచారు. వాటిని నడిపినది డ్వాక్రా సంఘాల మహిళలు. కరెంటు బిల్లు, సర్టిఫికెట్ల దరఖాస్తు వంటి పనులకు జనం వారి దగ్గరకు వెళ్లేవారు. నిన్నటి దాకా కచేరీ మెట్లెక్కడానికి జంకిన ఆడవారు కంప్యూటరు ముందు కూర్చుని పది మందికి పని చేసిపెట్టడం చూసి, సర్వీసు చివరి రోజులలో నాకు చాలా సంతోషం కలిగింది. 2011లో మీసేవ, 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు, 2025 జనవరిలో వాట్సాప్‌లో 'మన మిత్ర' వచ్చాయి. గుమ్మం చివరకు మన అరచేతిలోకే వచ్చింది.

అయితే అరచేతిలోకి వచ్చిన గుమ్మం అందరికీ తెరుచుకుంటున్నదా?

నాకు పని నేర్పిన హెడ్ గుమాస్తా గారు ఒకరున్నారు. పేరు వ్రాస్తే ఆయన ఒప్పుకోరు. లెక్కలో ఆయనకు ఒక్క పైసా తేడా వచ్చేది కాదు. గ్లకోమా వల్ల డెబ్బయ్యో ఏటికి చూపు పూర్తిగా పోయింది. నెలనెలా పెన్షన్ వివరాలు ఒక కార్యాలయపు వెబ్‌సైటులో చూసుకోవాలి. అందుకని వీధి చివర నెట్ షాపు కుర్రవాడికి తన పాస్‌వర్డ్ చెప్పి, వాడు చదివినది వినేవారు. ఒకనాడు నేను వెళ్తే, "ఏమోయ్, ముప్పై ఏళ్లు ఊరందరి లెక్కలూ నేను చూశాను. ఇవాళ నా లెక్క చూడాలంటే నా తాళంచెవి పరాయివాడి చేతిలో పెట్టాలి" అన్నారు. నాకు వెంటనే ఆ లంక ముసలమ్మ గుర్తుకు వచ్చింది. చెట్టు కింది బల్ల ఎక్కడికీ పోలేదు, నెట్ షాపులోకి మారింది, అంతే.

ఆ వేసవిలో మా మనవరాలు వచ్చినప్పుడు గురువుగారి ఫోనులో 'టాక్‌బ్యాక్' అనే ఏర్పాటు ఆన్ చేసి నేర్పింది. తెర మీద వేలు పెట్టిన చోట ఏముందో ఫోను పైకి చదువుతుంది. కంప్యూటరుకు కూడా 'ఎన్‌వీడీఏ' అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. ఆస్ట్రేలియాలో ఇద్దరు అంధ యువకులు 2006లో దానిని మొదలుపెట్టారు. గురువుగారు పదిహేను రోజుల్లో వార్తలు వినడం నేర్చుకున్నారు. కాని పెన్షన్ వెబ్‌సైటు తెరిస్తే ఫోను "బటన్, బటన్, బటన్" అని మాత్రమే అంది. ఏ బటన్ దేనికో తయారు చేసినవారు పేరు వ్రాయలేదు. తరువాత వంకర అక్షరాలు చూసి టైపు చేయమన్నది. వాటిని చదివి వినిపించే ఏర్పాటు లేదు. ఆయన ఫోను పక్కన పెట్టేశారు.

ఇందులో తెలుగుకు సంబంధించిన చరిత్ర ఒకటి చెప్పాలి. మొదటి రోజులలో తెలుగు వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వారు వాడి తయారు చేసేవారు. కంటికి తెలుగే కనిపించేది గాని, కంప్యూటరు లోపల ఉన్నవి అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు. చదివే యంత్రానికి అది అయోమయం. ప్రపంచ భాషలన్నిటికీ ఉమ్మడి సంకేతాలిచ్చిన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో యూనికోడ్ తెలుగు ఫాంటు పెట్టారు. దాని పేరు 'గౌతమి'. మన గోదావరి పాయ పేరు ప్రపంచమంతటి కంప్యూటర్లలోకి ఎక్కింది! యూనికోడ్‌లో వ్రాసిన తెలుగును యంత్రం చదివి వినిపించగలదు. అయితే జీవో కాపీని స్కాన్ చేసి పెడితే, అది ఉత్త ఫొటోయే అవుతుంది, అక్షరాలు కావు.

వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండాలన్న నియమాలు కొత్తవి కావు. అంతర్జాతీయ వెబ్ సంస్థ డబ్ల్యు3సి మొదటి మార్గదర్శకాలు 1999లో వచ్చాయి. మన దేశంలో ఎన్‌ఐసీ 2009లో ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు తయారు చేసింది. 2005 సమాచార హక్కు చట్టం ఇంకా ముందే దారి చూపింది. వ్రాయలేని వారి మాటను సమాచార అధికారే కాగితం మీద పెట్టడానికి సాయపడాలని, స్థానిక భాషను దృష్టిలో ఉంచుకోవాలని అందులో ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలన్నది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. ఆ కేసులో యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు కోర్టుకు వెళ్లారు. కెమెరా ముందు కళ్లు ఆర్పమంటే, ఆర్పలేని వారి గతి ఏమిటన్నది వారి ప్రశ్న.

ఇది చూపు లేనివారి సంగతి మాత్రమే అనుకోకండి. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చినప్పుడు మనమంతా సంతోషించాము. తీరా అరిగిపోయిన మన వేళ్లను యంత్రం పోల్చుకోలేకపోయింది. 2021లో ముఖం చూసి గుర్తించే పద్ధతి రావడంతో చాలామందికి ఊరట కలిగింది. ఒక దారి మూసుకుపోతే ఇంకొక దారి ఉండాలన్న సూత్రం అక్కడ పనిచేసింది. చేయి వణికేవారికి చిన్న బటన్ కష్టం. శుక్లాలున్న కంటికి తెల్లటి తెర మీద బూడిద రంగు అక్షరాలు కనపడవు. అందుకే అక్షరానికి, దాని వెనుక రంగుకు మధ్య వెలుగు తేడా కనీసం 4.5కి 1 ఉండాలని ఆ మార్గదర్శకాలు చెప్పాయి. ఓటీపీ చూసి టైపు చేసేలోగా గడువు అయిపోవడం మీకందరికీ అనుభవమే.

గురువుగారి తరఫున నేను ఒక ఉత్తరం వ్రాశాను. కాదు, ఆయన చెప్పారు, నేను వ్రాశాను, సంతకానికి ముందు ప్రతి వాక్యం చదివి వినిపించాను. చట్టం సెక్షన్, ఏ పేజీలో ఏ బటన్‌కు పేరు లేదో, అన్నీ ఆయన పాత పద్ధతిలో వరుస నంబర్లు వేయించారు. నాలుగు నెలలకు బటన్లకు పేర్లు వచ్చాయి. వంకర అక్షరాలు మాత్రం ఇంకా ఉన్నాయి. రిమైండరు పంపాము.

సభ్యులకు నా మనవి ఒక్కటే. మీరు వాడే ప్రభుత్వ వెబ్‌సైటును ఒకసారి పరీక్షించండి. అక్షరాలను రెండింతలు పెంచితే పేజీ చెదరకుండా ఉన్నదా? మౌసు లేకుండా ట్యాబ్ మీటతో చివరిదాకా వెళ్లగలుగుతున్నారా? టాక్‌బ్యాక్ పెడితే బటన్లు పేర్లు చెబుతున్నాయా? తెలుగులో ఉన్నదా? లోపం కనిపిస్తే తేదీ, పేజీ పేరు వ్రాసి సంఘానికి పంపండి. ఫైలు ఎలా కదులుతుందో మనకంటె బాగా తెలిసినవారెవరు?

మొన్న గురువుగారు ఫోను చేశారు. "ఈ నెల డీఏ బకాయి కలిసింది, నేనే చూసుకున్నాను" అన్నారు. వంకర అక్షరాల దగ్గర మాత్రం కోడలిని పిలిచారట. అది కూడా తీరిపోయిన రోజున మళ్లీ వ్రాస్తాను. సెలవు.