ఓడ ఆగిన ఊళ్ళు

అప్పట్లో ఓడ ఒక రేవుకి చేరిందంటే అక్కడ తిష్ట వేసిందన్నమాటే. ఇప్పుడు మీరు విశాఖ పోర్టులో చూస్తారే, రంగురంగుల ఇనప డబ్బాలు, అవి నేను మొదట ఎక్కిన ఓడల్లో ఎక్కడా లేవు. సరుకంతా బస్తాలు, బేళ్ళు, చెక్కపెట్టెలు, పీపాలు. ఓడ మీదుండే డెరిక్కులతో ఒక్కొక్క మోపూ తాళ్ళకి బిగించి పైకెత్తి జెట్టీ మీద దించాలి. చినుకు పడిందా, పని ఆపి సరుకు గదుల హేచ్ మూతలు వేసెయ్యాలి. మబ్బు విడిచాక మళ్ళీ తీయాలి. అలా ఒక్కో రేవులో వారం, పది రోజులు, రెండు వారాలు గడిచిపోయేవి. జెట్టీ ఖాళీ లేకపోతే బయట లంగరేసుకుని ఇంకొన్నాళ్ళు. ఓడ యజమానికి అది నష్టం. మాలాంటి కళాసీలకి మాత్రం అంతకంటే అదృష్టం లేదు. డ్యూటీ దిగాక స్నానం చేసి, షోర్ పాస్ జేబులో పెట్టుకుని గేటు దాటితే కాళ్ళు ఎటు లాగితే అటే. నాకు దేశాలు అలా నడకలో తెలిశాయి. అందుకే యాభై ఏళ్ళవుతున్నా ఆ వీధుల మలుపులు చెప్పమంటే చెప్పగలను.

ఒరే చిన్నోడా, ఆ సరుగుడు దుంగ మంటలోకి తొయ్యి. అమ్మలూ, నువ్విలా రా, పొగ అటు మళ్ళింది.

నేను ఓడ ఉద్యోగానికి కావలసిన సీడీసీ పుస్తకం తీసుకుని ఓడెక్కేనాటికి సూయజ్ కాలువ మూసేసి ఉంది. 1967 యుద్ధంలో మూతపడింది, మళ్ళీ 1975 జూన్ దాకా తెరవలేదు. అన్నాళ్ళూ యూరప్ వెళ్ళాలంటే కిందికి దిగి ఆఫ్రికా అంతా చుట్టుకుని వెళ్ళాల్సిందే. యుద్ధం వచ్చిన రోజున కాలువలో ఉన్న ఓడల్లో 14, మధ్యలో ఉండే గ్రేట్ బిట్టర్ సరస్సులో చిక్కుకుపోయాయి. ఒకటీ రెండూ కాదు, 8 ఏళ్ళు. ఎడారి ఇసుక పడి పడి డెక్కులన్నీ పసుపు రంగుకి తిరిగాయని వాటిని పసుపు దళం అనేవారు. కాలువ తెరిచాక మా ఓడ అందులోంచి వెళ్ళినప్పుడు, రెండు గట్ల మీదా ఇంకా విరిగిన లారీలూ, కాలిపోయిన టాంకులూ పడి ఉన్నాయి. డెక్కు మీద ఎవరం మాట్లాడలేదు. మా కళాసీల పెద్ద సారంగు, చిట్టగాంగ్ మనిషి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

ఆ ప్రయాణంలో మా ఓడ కడుపులో ఉన్నది ఏమిటో తెలుసా? గుంటూరు పొగాకు. మద్రాసు రేవులో ఎక్కించాం. రష్యావాళ్ళు మన వర్జీనియా పొగాకు విపరీతంగా కొనేవారు. టీ, కాఫీ, గోనె సంచులు కూడా అటే వెళ్ళేవి. పొగాకుతో ఒక చిక్కుంది. మన ఎండలో ఎక్కించిన సరుకు, చల్లటి సముద్రంలోకి వెళ్ళేసరికి హోల్డు ఇనుము చల్లబడుతుంది. లోపలి వేడిగాలి దాన్ని తాకి నీరు కారుతుంది. చేత్తో తడిమితే గోడంతా చెమట. ఆ చుక్క ఒక్కటి బేలు మీద పడిందా, బూజు పట్టినట్టే. అందుకని కింద చెక్కలు పరిచి, పక్కలకి వెదురు తడికలు కట్టి, ఏ వేళ గాలి గొట్టాలు తెరవాలో, ఏ వేళ మూసెయ్యాలో చీఫ్ ఆఫీసరు చెప్పినట్టు చేసేవాళ్ళం. నేను అర్ధరాత్రి టార్చి పట్టుకుని దిగి ఆ గోడలు తడిమి చూసొచ్చేవాణ్ణి. పైకి వచ్చాక కూడా ఒళ్ళంతా పచ్చి పొగాకు వాసనే.

నల్ల సముద్రంలోకి వెళ్ళాలంటే ఇస్తాంబుల్ నడిబొడ్డులోంచి దారి. ఆ జలసంధి పేరు బాస్ఫరస్. 31 కిలోమీటర్ల పొడుగు, ఇరుకైన చోట 700 మీటర్లే. మన కుడిచేతి వైపు ఆసియా, ఎడమచేతి వైపు యూరప్. ఒడ్డు మీద ఇళ్ళల్లో మనుషులు వరండాల్లో కూచుని టీ తాగుతూ కనబడతారు, అంత దగ్గర. నీళ్ళలో మెలికలు, ఎదురు ప్రవాహం, అడ్డదిడ్డంగా తిరిగే లాంచీలు. చుక్కాని పట్టుకున్నవాడు రెప్ప వేయకూడదు. ఆ ఇరుకులోనే యూరప్ ఒడ్డున ఒక కోట ఉంటుంది, 1452లో సుల్తాను మెహమెత్ కొద్ది నెలల్లో కట్టించాడట. మరుసటేడే ఊరు ఆయన చేతికి వచ్చింది. రెండు ఖండాల్నీ కలుపుతూ వేలాడే వంతెన 1973లో తెరిచారు. మేము దాని కిందుగా వెళ్తుంటే అందరం తలలు వెనక్కి వాల్చి చూశాం.

ఆ నీళ్ళు ఎంత ప్రమాదమో 1979 నవంబరులో లోకానికి తెలిసింది. ఇండిపెండెంటా అనే రుమేనియా చమురు ట్యాంకరు హైదర్‌పాషా రేవు ఎదుట ఒక గ్రీకు ఓడని ఢీకొంది. పేలుడుకి ఊళ్ళో కిటికీ అద్దాలు పగిలాయి. ట్యాంకరులో 43 మంది చనిపోయారు. వారాల తరబడి మండుతూనే ఉంది. ఆ తర్వాత ఆ వైపు వెళ్ళిన ప్రతిసారీ నేను ఆ చోటు వచ్చేసరికి చేతులు జోడించేవాణ్ణి. వాళ్ళూ నాలాగ ఓడ మీద అన్నం తిన్నవాళ్ళే కదమ్మా.

ఒకసారి తిరుగుప్రయాణంలో ఆ హైదర్‌పాషాలోనే ఆగాం. లాంచీ ఎక్కితే కాసేపట్లో యూరప్ వైపు గలాటా వంతెన దగ్గర దింపేది. ఆ పాత వంతెన స్తంభాల మీద కట్టింది కాదు, 1912లో నీటి మీద తేలే పడవల్లాంటి వాటిపైన నిలబెట్టింది. పెద్ద లాంచీ పక్కనుంచి పోతే కాళ్ళ కింద కొద్దిగా కదిలేది. పైన జనం, ట్రాఫిక్కు, గేలాలు వేసి వరసగా నిలబడ్డ మగవాళ్ళు. కింది అంతస్తులో టీ దుకాణాలు. గట్టున కట్టేసిన పడవల్లోనే చేప వేయించి, రొట్టెలో పెట్టి, ఉల్లిపాయ వేసి చేతికిచ్చేవారు. ఒక ముసలాయన నేను డబ్బులు లెక్కపెట్టుకోవడం చూసి, నా చేతిలోంచి రెండు నాణేలు మాత్రం తీసుకుని మిగతావి నా గుప్పిట్లో పెట్టి మూసేశాడు. ఆ పాత వంతెన 1992లో అంటుకుని కాలిపోయిందని విన్నాను. ఇప్పుడున్నది వేరే.

ఇస్తాంబుల్ దాటితే ఒడెస్సా. నేను చూసిన ఊళ్ళన్నిట్లో నా మనసు నిలిచిపోయిన ఊరు అది.

రేవులోంచి ఊళ్ళోకి వెళ్ళాలంటే ఆ పెద్ద మెట్లెక్కాలి. మొత్తం 192. మెట్లకి మధ్యలో 10 చప్టాలు. 1841లో పూర్తిచేశారు. కట్టినవాళ్ళు ఏం చేశారో చూడండి, అడుగున వెడల్పు 21 మీటర్లకి పైనే, పైన 12 మీటర్ల చిల్లర. కింద నిలబడి చూస్తే చప్టాలు కనబడవు, మెట్లే మెట్లు, ఆకాశం దాకా. పైకెక్కి వెనక్కి తిరిగి చూస్తే ఒక్క మెట్టూ కనబడదు, చప్టాలే బల్లపరుపుగా పరుచుకుని ఉంటాయి, వాటి అవతల సముద్రం, సముద్రంలో మన ఓడ. నేను ఎక్కుతూ దిగుతూ ఎన్నిసార్లు పరీక్షించానో. 1925లో వచ్చిన బ్యాటిల్‌షిప్ పొటెంకిన్ అనే మూకీ సినిమాలో ఈ మెట్లే ఉన్నాయి, అందుకే వాటికి పొటెంకిన్ మెట్లనే పేరు స్థిరపడింది. పైన రిషెల్యే అనే దొర విగ్రహం, రేవు వైపు చెయ్యి చాపి నిలబడి ఉంటుంది. వచ్చేవాణ్ణి రమ్మన్నట్టే ఉంటుంది ఆ చెయ్యి.

సరుకు దించే దగ్గర ఆడవాళ్ళు పనిచేసేవారు. క్రేన్ల మీద ఆడవాళ్ళు, లెక్క రాసేచోట ఆడవాళ్ళు. నా వయసువాళ్ళం అది చూసి నోరు తెరిచాం, మన రేవుల్లో అప్పుడు అలాంటిది లేదు. లెక్క రాసే ఆవిడ ఒకామె ఉండేది, మీ అమ్మమ్మ వయసు. చెవి వెనక పెన్సిలు, తలకి పూల రుమాలు. ఒక బేలు చిరిగి రెండు ఆకులు రాలితే, ఒకటి తీసి వేళ్ళతో విప్పి, వాసన చూసి, కళ్ళు మూసుకుని తలాడించింది. తర్వాత నా వైపు వేలు చూపించి 'ఇండియా?' అంది. అవునన్నాను. అంతే, రాజ్ కపూర్ అంది! ఆవారా సినిమా 1954లోనే అక్కడ ఆడింది. ఊళ్ళో ఎక్కడికెళ్ళినా మమ్మల్ని చూసి ముందు ఆ పేరే అనేవారు. మా భాష వాళ్ళకి రాదు, వాళ్ళదీ మాకు రాదు, ఆ పేరొక్కటీ చాలు, బెంచీ మీద చోటిచ్చేవారు.

వీధుల్లో చక్రాల మీద పసుప్పచ్చ ట్యాంకులు ఉండేవి, పక్కన తెల్లకోటు వేసుకున్న మామ్మ. క్వాస్ అని, నల్ల రొట్టె పులియబెట్టి తీసిన పానీయం. గాజు గ్లాసుని నీటి ధార మీద బోర్లించి కడిగి, నురగ పొంగేలా పట్టి ఇచ్చేది. అక్కడే నిలబడి తాగి గ్లాసు తిరిగిచ్చెయ్యాలి. పులుపూ తీపీ కలిసి, మీ ముత్తవ్వ కుండలో పెట్టే తరవాణి లాగే ఉండేది. ఊరంతా ఒకరకం సున్నపురాయితో కట్టారు, దగ్గరికెళ్ళి చూస్తే రాయిలో గవ్వలు కనిపిస్తాయి. ఆ రాయి తవ్వింది ఊరి కిందే. అందుకని భూమిలోపల సొరంగాలు, దారి తెలియనివాడు బయటికి రాలేనన్ని. 1941లో ముట్టడి 73 రోజులు సాగింది, ఊరు శత్రువుల చేతికి పోయాక ఎదిరించినవాళ్ళు ఆ సొరంగాల్లోనే దాక్కుని పోరాడారు.

2022లో అక్కడ యుద్ధం వచ్చాక టీవీలో మళ్ళీ ఆ ఊరు చూశానమ్మా. రిషెల్యే విగ్రహం చుట్టూ ఇసక బస్తాలు పేర్చారు, చెయ్యీ తలా తప్ప ఏమీ కనబడటంలేదు. మేము సరుకు దించిన జెట్టీల మీద క్షిపణులు పడుతున్నాయన్నారు. మరుసటేడు పెద్ద చర్చి కూడా దెబ్బతింది. మీ అమ్మమ్మ టీవీ కట్టెయ్యమంది, నా వల్ల కాలేదు. ఆ పూల రుమాలు ఆవిడ బతికుంటే ఎంత వయసుంటుందో, ఆవిడ మనవలు ఎక్కడ తలదాచుకున్నారో. నాకు ఆ ఊళ్ళో చుట్టాలు లేరు. అయినా రోజూ వార్తల్లో ఆ పేరు వెతుక్కుంటూనే ఉన్నాను.

తర్వాత్తర్వాత డబ్బాలొచ్చాయి. కంటైనర్లు. సింగపూర్ ఒకటే చెప్తాను, చాలు. మొదట్లో అక్కడి నదిలో నీళ్ళు కనబడనన్ని సరుకు పడవలు, ముక్కు మీద కళ్ళు చెక్కినవి, కూలీలు సన్నటి చెక్క మీద బస్తాలతో పరుగులు. 1983కి వాటిని అక్కణ్ణించి తీసేశారు, నది బాగుచేశారు. శుభ్రంగా ఉంది, నేను కాదనను. కానీ పొద్దున్న తగిలిన ఓడ రాత్రికి లంగరెత్తడం మొదలైంది. క్రేన్లు డబ్బాలు ఎత్తేస్తుంటే మేము డెక్కు మీంచి ఊరి దీపాలు చూసేవాళ్ళం. కుర్రాళ్ళు పాతిక దేశాలు తిరిగామంటారు, అడిగితే గేటు దాటింది రెండుసార్లో మూడుసార్లో. వాళ్ళ మీద నాకు జాలి.

ఇక అమ్మలూ, నువ్వు చదువుకోడానికి వెళ్ళే హాంబర్గ్. అది సముద్రపు ఒడ్డున లేదు, ఎల్బే నదిలో వంద కిలోమీటర్లు లోపలికి వెళ్ళాలి. మొదటిసారి మేము వెళ్ళింది మంచు పొద్దున. నదిలో దారి చూపే పైలట్ ఎక్కాడు, ఓడ మెల్లగా పోతోంది. ఊరు ఇంకా రాలేదు, వేడెల్ అనే చోట ఒడ్డు మీంచి మైకులో ఏదో వినిపించింది. మన జనగణమన! ఆ మంచులో, ఆ నది మీద. వంటవాడు గరిటె పట్టుకునే బయటికి వచ్చాడు. అందరం నిటారుగా నిలబడిపోయాం. అక్కడ 1952 నుంచీ అది రివాజు, వచ్చే పెద్ద ఓడ ఏ దేశానిదైతే ఆ దేశపు గీతం వేసి, జెండా దించి ఎత్తి స్వాగతం చెప్తారు. పరాయి దేశంలో మాలాంటి వాళ్ళకి ఎవరు అంత మర్యాద చేస్తారు?

ఆ ఊరు దెబ్బలు తిన్న ఊరు. 1943 జూలైలో బాంబులకి వేలకి వేల మంది కాలిపోయారు. నికొలాయ్ చర్చి మొండిగోపురాన్ని కూల్చకుండా గుర్తుగా ఉంచేశారు. 1962 ఫిబ్రవరిలో వరదొచ్చి 315 మంది పోయారు. జెట్టీ మీద మాతో పనిచేసే ముసలి కూలీలు వరద నీరు ఎంత ఎత్తు వచ్చిందో గోడ మీద చెయ్యి పెట్టి చూపించేవారు. ఆ పసుపు దళం ఓడల్లో రెండు జర్మనీవే, 1975లో సొంత ఇంజన్ల మీదే ఇంటికొచ్చాయి. వేలకి వేల జనం గట్టున నిలబడి కేకలు వేశారని ఆ కూలీలు చెప్తుంటే మాకే ఒళ్ళు పులకరించింది.

రేవు కింద నది అడుగున 1911లో తెరిచిన సొరంగం ఉంది, 426 మీటర్లు. కూలీలు అవతలి ఒడ్డు పనికి పోవడానికి వేశారు. నడిచేవాళ్ళకి టిక్కెట్టు లేదు. గోడలకి తెల్ల పలకలు, వాటి మీద చేపలూ పీతలూ ఎలకలూ బొమ్మలుగా చెక్కారు, అవి చూసుకుంటూ నడువు. అవతల గట్టెక్కి వెనక్కి చూస్తే ఊరంతా ఒక్క చూపులో కనబడుతుంది. ఎర్ర ఇటికల పాత గిడ్డంగులు కూడా చూడు, మన టీ, కాఫీ, మిరియాలు దిగినవి అక్కడే. మిఖాయేల్ చర్చి గోపురం మీంచి రోజూ ఒకాయన నాలుగు దిక్కులకీ తిరిగి బాకా ఊదుతాడు, మామూలు రోజుల్లో పొద్దున పదింటికోసారి, రాత్రి తొమ్మిదింటికోసారి. ఆదివారం చేపల బజారు 1703 నుంచీ ఉంది. తొమ్మిదిన్నరకల్లా ఎత్తేస్తారు. సెలవని పడుకోకుండా తెల్లారకముందే లేచి వెళ్ళు, బజారు సర్దేసే ముందు ధరలు అరుస్తూ తగ్గించేస్తారు. చేతిసంచి నువ్వే పట్టుకెళ్ళు.