వాషింగ్టన్ స్క్వేరు వీథి వివాదము

న్యూయార్కు మహానగరమున ఫిఫ్త్ ఎవెన్యూ అను రాజవీథి ఉత్తరమునుండి సాగివచ్చి ఒక పాలరాతి తోరణము కడ ముగియును. తోరణమునకు ఆవల వాషింగ్టన్ స్క్వేరు ఉద్యానము కలదు. విస్తీర్ణము సుమారు 10 ఎకరములు. ఒకప్పుడది దిక్కులేని శవములను పూడ్చిన శ్మశానము. 1820 దశకమున కవాతు మైదానమై, పిమ్మట ఉద్యానమైనది. గ్రీనిచ్ విలేజి పేటలోని ఇరుకైన ఇండ్లవారికి ఇదియే పెరడు, వారి పిల్లలకు ఇదియే ఆటస్థలము.

1952లో ఈ ఉద్యానమును చీల్చి ఫిఫ్త్ ఎవెన్యూను దక్షిణమునకు పొడిగింపవలెనని రాబర్ట్ మోజెస్ సంకల్పించెను. ఈయన నగరోద్యానముల కమిషనరు! కాపాడవలసినవాడే కోయబూనుట వింతయే గదా. కాని ఆయనకు వేరొక కార్యభారము కూడ ఉండెను. 1949 నాటి గృహనిర్మాణ చట్టము ననుసరించి నగరము పాతపేటలను స్వాధీనపరచుకొని, పడగొట్టి, ఆ స్థలములను చౌకగా నిర్మాతలకు అమ్ముటకు వీలుండెను. నష్టములో మూడింట రెండువంతులు కేంద్ర ప్రభుత్వము భరించెడిది. ఉద్యానమునకు ఆగ్నేయమున తొమ్మిది బ్లాకులు ఇట్లే నేలమట్టమైనవి. అచట లేవబోవు భవనములకు ఫిఫ్త్ ఎవెన్యూ చిరునామా లభించిన విలువ పెరుగును.

నలుగురు బిడ్డల తల్లియైన షర్లీ హేస్ ఇరుగుపొరుగును కూడగట్టి సంఘమొకటి స్థాపించెను. మోజెస్ 48 అడుగుల వీథి కోరెను. మాన్‌హాటన్ విభాగాధ్యక్షుడు మధ్యేమార్గముగా 36 అడుగులన్నాడు. మనలో చాలమంది ఆ పండ్రెండడుగులకే సంతసించి ఇంటికి పోయెడివారము. ఆమె మాత్రము వీథియే వలదు, ఇప్పుడు పోవుచున్న వాహనములు సైతము వలదు అనెను. వెడల్పునుగూర్చి బేరమాడినచో వీథి ఉండుటకు సమ్మతించినట్లే యగునని ఆమె గ్రహించినది.

పిదప జేన్ జేకబ్స్ మొదలగువారు తోడై మరియొక ఉపాయము పన్నిరి: శాశ్వతముగా కాకున్న, పరీక్షార్థమైన మూసిచూడుడు అనిరి. చుట్టుప్రక్కల వీథులు వాహనములతో క్రిక్కిరిసిపోవునని అధికారపక్షము భయపెట్టెను. 1958 నవంబరులో దారి మూసిరి. ప్రారంభోత్సవములలో రిబ్బను కత్తిరించుట వాడుక. వీరు ఇద్దరు పసిబాలికలచేత రిబ్బను కట్టించిరి. చెప్పిన రద్దీ రాలేదు. 1959లో మూసివేత స్థిరమైనది. బస్సులు తొలగుటకు మాత్రము 1963 వరకు పట్టెను.

ఉద్యానము దక్కినది గాని, తొమ్మిది బ్లాకులలోని ఇండ్లు, దుకాణములు దక్కలేదు. అచటివారును అభ్యంతరము చెప్పకపోలేదు. వారి మొర చెల్లలేదు. తల్లులు, పిల్లలు నిలిచిన ఉద్యానము పత్రికలకెక్కినట్లు అద్దె ఇండ్లవారి గోడు ఎక్కలేదని నా అభిప్రాయము.

విలేజివాసులు ఆ సంగతి మరువలేదు. 1961 ఫిబ్రవరిలో నగరము పడమటి విలేజిలోని 14 బ్లాకులను శిథిలవాడగా నిర్ణయింపబూనగా, ఇంటింటికి పోయి, సంఘము కట్టి, విచారణ సభలను నింపిరి. ఆ ఎల్లలలో హడ్సన్ వీథిలోని జేకబ్స్ ఇల్లు కూడ ఉండెను. 1962లో నగరము ఆ ప్రతిపాదనను విరమించుకొన్నది.